చేతుల మీద కూసునే కాక

మా పక్కింటి కాక పోయిండు. మొన్న తెల్లారంగ ఆయన పెండ్లాం చిన్నమ్మ గోడ అవతలి నుంచి "కాక లేస్తలేడు రా" అన్నది. గోడ దుంకి పోయిన. అప్పటికే అయిపోయింది. నిద్రలనే.

మా ఊరు బడంగ్‌పేట్ దాటి ఇంకా లోపలికి. ఇక్కడ కారు ఆగితే దిక్కులేదు. ఎల్.బి.నగర్ మెకానిక్‌కు ఫోన్ చేస్తే "లొకేషన్ పెట్టు అన్నా" అంటడు. లొకేషన్ జూసినంక ఫోనే ఎత్తడు. క్యాబులోళ్ళు క్యాన్సిల్ కొడతరు. మా అమ్మకు వారానికి మూడుసార్లు దిల్‌సుఖ్‌నగర్‌ల డయాలిసిస్. టైముకు పోకపోతే బెడ్ వేరేటోళ్ళకు పోతది. ఆ పూట తప్పితే అమ్మకు ఒంట్ల నీరు చేరి ఊపిరాడదు. అందుకే పాత కారు కొన్న. అది అమ్మకంటే పెద్ద రోగిష్టిది.

కాక ఏండ్ల తరబడి గడ్డిఅన్నారం మార్కెట్‌కు మామిడికాయల లోడు తోలిండు. రోడ్డు మీద బండి ఆగితే తనే విప్పి తనే బిగించినోడు. పక్కింట్ల మెకానిక్ దొరికిండని సంబరపడ్డ.

కారు మొదటిసారి ఆగిన రోజు కాక ఓ పండ్ల ట్రే తెచ్చి, దూరంగ బోర్లేసి, దాని మీద కూసున్నడు. రెండు అరచేతులు తొడల కింద పెట్టుకున్నడు.

"విప్పు."

"నాకు రాదు కాకా."

"నాకు మాత్రం అమ్మ కడుపుల వచ్చెనా?"

"నువ్వు జేస్తే పది నిమిషాల పని! నాకెందుకీ తిప్పలు?"

"రేపు బాలాపూర్ చౌరస్తల ఆగితే నేను నీ డిక్కీల ఉంటనా?"

ముసలోనికి ఎంత పొగరు అని మొహం మీదనే అన్న. నవ్విండు. నేను పానా తప్పు దిక్కు తిప్పినప్పుడల్లా ఆయన భుజాలు కదిలేవి. చేతులు మాత్రం బయటికి రాలే. ఒక్కనాడు కూడ.

జూసుడుకంటే ముందు వాసన పట్టమనెటోడు. కాలిన రబ్బరు వేరు, క్లచ్ వేరు, తియ్యగ ఒస్తే అది రేడియేటర్ నీళ్ళు. ఒకసారి పొగలు కక్కుతుంటే రేడియేటర్ మూత మీద చెయ్యేసిన. "ఆగు బే! దానికి వేడి, నీకు కోపం. రెండూ దిగినంక తియ్" అని ఒర్రిండు. అవి దిగేదాక మామిడికాయల ముచ్చట్లు జెప్పిండు. ఏ తోట కాయ తొందరగ మెత్తబడ్తదో అప్పుడే తెలిసింది.

కాకను మట్టిల పెట్టిన రోజే అమ్మ డయాలిసిస్. చర్చి వెనక సమాధుల తోటల పగటీలి మట్టి. "నన్ను ఏదన్న ఆటో ఎక్కించి నువ్వు మట్టికి పో రా" అన్నది అమ్మ. ఏది ఆటో? అమ్మను దించి ఉరికొద్దామని బయలెల్లిన.

ఎల్.బి.నగర్ ఇంకా రాకముందే తియ్యటి వాసన. సైడుకు ఆపిన. రేడియేటర్ గొట్టం చివర పగిలి ఆవిరి కొడుతుంది. టైరును ఎగిరి తన్నిన. కారు మీద కోపం, రోడ్డు మీద కోపం, అన్నిటికంటే కాక మీద కోపం. ఇప్పుడే పోవాల్నా?

వెనక సీటు నుంచి అమ్మ, "ఆయనుంటే ఏమంటుండె?"

"ఏమంటడు, కూసుంటడు."

అమ్మ నవ్వింది. నవ్వుతూనే ఆయాసపడ్డది.

ఆగిన. ఇంజన్ చల్లారేదాక ఆగిన. పగిలిన కొస కత్తితో కోసి, మిగిలిన గొట్టం గుంజి ఎక్కించి, క్లిప్ బిగించి, అమ్మ తాగే సీసల నీళ్ళు పోసిన. దవాఖానల సిస్టరమ్మ "ఏంటండీ ఇంతసేపు? ఇంకాసేపైతే బెడ్ ఇచ్చేసేదాన్ని" అన్నది. ఇయ్యలేదు. అది చాలు.

నేను తోటకు పోయేసరికి జనం పోయిన్రు. ఇద్దరు పారలతోని గుంత పూడుస్తున్నరు. చిన్నమ్మ ఒక్కతే నిలబడ్డది.

"నువ్వు రిపేరి జేసిన తెల్లారి పోయి వంగి జూసొచ్చెటోడు. ఏం ముట్టకపోతుండె. 'గట్టిగనే బిగించిండు' అనెటోడు. నీకు జెప్తే నెత్తికెక్కుతదని జెప్పనియ్యలే."

పిడికెడు మట్టి తీసుకుని వేసిన. సగమే పడ్డది. చేతుల నిండ ఇంజన్ మడ్డి ఉండె, మిగిలింది దానికే అతుక్కున్నది. దులిపినా పోలే.

"బకెట్ల నీళ్ళున్నయ్, కడుక్కో తమ్మీ" అన్నడు పార పట్టినాయన.

కడుక్కోలే. అమ్మను తీసుకొచ్చే టైమైంది. అవే చేతులతోని స్టీరింగ్ పట్టిన.