కిటికీకి కట్టిన తెల్ల దుప్పటి

జీపు వెళ్లగలిగినంత దూరం వెళ్లి ఆగిపోయాక, అక్కడి నుంచి కాఫీ తోటల మధ్యగా పైకి నడిస్తే మా సబ్ సెంటర్ వస్తుంది. రెండు గదులు, ముందొక వరండా. నేనక్కడ నర్సుని. స్తంభాలు పాతారు, తీగలు లాగారు, కరెంటు మాత్రం చుట్టపుచూపుగా వచ్చి పోతుంటుంది. వానాకాలంలో ఆ కాస్త చూపూ ఉండదు. అలాంటప్పుడు ఎవరికైనా నొప్పులొస్తే మా ఆశా కార్యకర్త పక్కన నిలబడి సెల్‌ఫోన్ టార్చి పట్టుకునేది. ఆవిడకి నెత్తురు చూస్తే కళ్లు తిరుగుతాయి. తను మొహం తిప్పుకుంటే చేతిలో వెలుగూ అటే తిరిగేది. "అక్కా, నేను గోడకి పురుడు పోయట్లేదు" అని ఎన్నిసార్లు కసిరానో లెక్కలేదు.

అందుకే సోలార్ పెట్టె కోసం అంత పట్టు పట్టాను. ప్రతి మీటింగులోనూ లేచి అడిగేదాన్ని. నేను లేస్తున్నానంటేనే అధికారులు వాచీలు చూసుకునేవారు. చివరికి నా పోరు పడలేక ఇచ్చారు. సూట్‌కేసంత పసుప్పచ్చ పెట్టె. అందులో బ్యాటరీ, రెండు పెద్ద లైట్లు, నుదుటికి కట్టుకునే చిన్న లైటు, కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినిపించే మిషను. కప్పు మీద ఎండకి పెట్టే సోలార్ పలక వేరే. పెట్టెని ఎక్కడికి కావాలంటే అక్కడికి చేత్తో పట్టుకుపోవచ్చు. దాన్ని రోజూ గుడ్డతో తుడిచేదాన్ని. ఎవరైనా ముట్టుకుంటే ఊరుకునేదాన్ని కాదు.

ఆ లైట్ల కింద మొదటి కాన్పు వానలోనే వచ్చింది. పొద్దు వాలే వేళ పక్క ఊరి నుంచి ఒక పిల్లని డోలీలో మోసుకొచ్చారు. తొలిచూలు. మోసుకొచ్చినవాళ్లలో భర్త ఉన్నాడు, భర్త అన్న ఉన్నాడు, ఇంకా ఊరి మగవాళ్లున్నారు. వెనకాల మావగారు, అత్తగారు. మగవాళ్లందరినీ వరండాలో కూర్చోమన్నాను. గదికీ వరండాకీ మధ్య ఉన్న కిటికీకి తలుపు ఊడిపోయి చాలా రోజులైంది. మరుగు ఉండాలని నేనే ఒక పాత తెల్ల దుప్పటి కట్టి ఉంచాను. బల్ల ఆ కిటికీ పక్కనే ఉంటుంది. లైట్లు రెండూ ఎదురు గోడకున్న మేకులకి తగిలించి మీట నొక్కాను.

చీమ పాకితే కనిపించేంత వెలుగు. అన్నేళ్ల ఉద్యోగంలో వానాకాలపు సాయంత్రం నా చేతులు నాకు కనిపిస్తుండగా పురుడు పోయడం అదే మొదటిసారి. అంత సంతోషంగా ఎప్పుడూ పని చేయలేదు. ఆడపిల్ల పుట్టింది, గట్టిగా ఏడ్చింది. గుడ్డలో చుట్టి వరండాలోకి తీసుకొచ్చి చూస్తే అక్కడ ఒక్కరూ లేరు. మగవాళ్లంతా ముంగిట్లో, కురిసే వానలో, మాకు వీపులు పెట్టి నిలబడి ఉన్నారు. భర్త అన్నయితే అప్పటికే దిగువ దారి పట్టి వెళ్లిపోతున్నాడు.

"ఏం, వరండా కరిచిందా మిమ్మల్ని?" అన్నాను. ఎవరూ నవ్వలేదు. భర్త వచ్చి బిడ్డని తీసుకున్నాడు గానీ నా మొహం చూడలేదు. నాకు ఒళ్లు మండింది. ఆడపిల్ల పుట్టిందని అలక అనుకున్నాను. మా కింద ఊళ్లలో అలాంటి మొహాలు చాలా చూశాను మరి. ఆడపిల్లని చిన్నచూపు చూడకూడదని అక్కడికక్కడే ఉపన్యాసం దంచాను. తలలు వంచుకుని విన్నారు పాపం.

ఆ తర్వాత మా సబ్ సెంటర్‌కి కాన్పులు రావడం మానేశాయి. ఎవర్నడిగినా ఒకటే మాట, నొప్పులు తెలిసేలోగానే అయిపోయిందని. టీకాల రోజున అందర్నీ వరసగా కూర్చోబెట్టి తిట్టేదాన్ని. ఇంత వెలుగు తెచ్చి పెడితే చీకట్లోనే కంటామంటారేమిటని, మీకు మంచి చేయడం నాదే బుద్ధి తక్కువని అనేదాన్ని. ఆడవాళ్లు బిడ్డల్ని ఒళ్లో సర్దుకుంటూ వినేవారు. ఆ మొదటి కాన్పు పిల్ల అసలు వచ్చేదే కాదు. పసిదాన్ని అత్తగారు తెచ్చేది. తల్లి ఏదంటే పనుందనేది. మహా పొగరు అనుకున్నాను.

ఆ ఇంట్లోనే పెద్ద కోడలు మళ్లీ కడుపుతో ఉంది. మూడో కాన్పు. ఒంట్లో రక్తం తక్కువ, కిందటిసారి కాన్పయ్యాక నెత్తురు ఆగక చావు తప్పించుకున్న మనిషి. నెల ముందే కింద పెద్దాసుపత్రిలో చేరాలని నా పట్టుదల. ఆవిడ పరీక్షలకే రాలేదు. ఆశా అక్కని పంపితే, భర్త ఇల్లు వదిలి కొండ మీది పొలం పాకలో ఉంటున్నాడని, అతనికి అన్నం పట్టుకుని ఈవిడ రోజూ ఎక్కి దిగుతోందని కబురు తెచ్చింది. ఇల్లుండగా పాకలో ఏం రాచకార్యం వెలగబెడుతున్నాడని దానికీ ఒక మాట అన్నాను. అక్క ఏదో చెప్పబోయి మానేసింది. నేనూ రెట్టించలేదు.

కాఫీ పళ్లు కోసే రోజుల్లో, ఒక సాయంత్రం ఆ ఇంటి నుంచి మనిషి పరిగెత్తుకొచ్చాడు. పెద్ద కోడలు ఇంట్లోనే కనేసిందని, నెత్తురు ఆగడం లేదని చెప్పాడు. పెట్టె నేను పట్టుకుని, మందుల సంచి అక్క పట్టుకుని పరుగు తీశాం. వెళ్లేసరికి చీకటి పడింది. గుమ్మంలో అత్తగారు అడ్డంగా నిలబడి ఉంది.

"నువ్వు రా తల్లీ. ఆ లైటు మాత్రం బయటెట్టీ."

"అక్కడ మనిషి పోతుంటే లైటుతో నీకేమిటమ్మా తగువు?" అని అరిచాను.

ఆవిడ గొంతు పెంచలేదు. "ఆవేల వానలో నువ్వు లైటెట్టినావు గదా. దుప్పటి మీద మా సిన్న కోడలి నీడ పడిపోనాది. కాల్లు, కడుపు, బిడ్డ రావడం, అంతా. వరండాల మగోలందరూ సూసీసినారు. నా పెద్దకొడుకు సూసీసినాడు. ఆడు మరదలు గుంటకి మొకం సూపించనేక పాక కాడే ఉండిపోనాడు."

ఆ ఊళ్లో తమ్ముడి భార్య ఎదురొస్తే బావగారు పక్కకి తప్పుకుంటాడు. ఆ అమ్మాయి పేరు నోట పలకడు. ఆ సంగతి నాకు తెలియక కాదు. తెలిసి కూడా, దుప్పటి సంగతి ఆలోచించకుండా లైట్లు అలా తగిలించాను. వాన నుంచి వరండాలోకి రమ్మని పిలిచి మరీ కూర్చోబెట్టాను. వాళ్లు చూడకూడదని వానలోకి దిగిపోతే, ఆడపిల్ల పుట్టిందని ఏడుస్తున్నారన్నాను.

అక్క వైపు తిరిగి, "నీకు తెలుసా?" అని అడిగాను. తల ఊపింది. "సెప్తే బాద పడతావని అందరం ఊరుకున్నాం అమ్మా. అంత కట్టపడి తెచ్చుకున్నావు గదా."

లోపల నెత్తురు పోతోంది, సిగ్గుపడటానికి నాకు తీరిక లేదు. లైటు వెలిగించకుండా చేత్తో పట్టుకునే లోపలికి వెళ్లాను. ఆ ఇంటి గోడలు వెదురు దబ్బలు, మట్టి రాలిపోయి సందులే ఎక్కువ. పొయ్యి వెలుగులో చెయ్యి పెడితే తడి తెలుస్తోంది గానీ ఎక్కడి నుంచి కారుతోందో కనపడటం లేదు. "నీ కాళ్లు పట్టుకుంటానమ్మా, వెలిగించనియ్యి" అని అత్తగారిని బతిమాలాను. ఆవిడ గోడ సందుల్లోంచి ముంగిట్లో నిలబడ్డ మగవాళ్లని చూపించింది.

పెద్ద కోడలి తల ఒళ్లో పెట్టుకుని చిన్న కోడలే కూర్చుని ఉంది. పొగరనుకున్న ఆ పిల్లే. నెమ్మదిగా తల కింద బట్టల మూట పెట్టి లేచి, "ఎలిగించనియ్యి అత్తా" అంది. నా చేతిలో లైటు తీసుకుంది. నేలకి తగిలేంత కిందకి దించి, చుట్టూ గొంగళి అడ్డం పెట్టి, నాకు కావలసిన చోటే వెలుగు పడేలా పట్టుకుంది. గోడలన్నీ చీకటిగానే ఉండిపోయాయి. మాయ ముక్క ఒకటి లోపలే ఉండిపోయినట్టు అప్పుడు కనిపించింది. తీశాను. ఇంజెక్షన్ ఇచ్చి, పొత్తికడుపు మీద చేత్తో మర్దనా చేస్తూ కూర్చున్నాను. నెత్తురు తగ్గింది. అంతసేపూ వెలుగు పక్కకి జరగలేదు, ఆ పిల్ల చూపు నా వైపు రాలేదు.

తెల్లవారుతుండగా పెద్ద కోడలిని డోలీలో కిందకి దించారు. భర్త పాక నుంచి వచ్చి డోలీ కర్ర ఒక కొస భుజానికెత్తుకున్నాడు. అతను ముంగిట్లోకి వస్తుండగానే చిన్న కోడలు లోపలికి వెళ్లిపోయింది. వాళ్లు వెళ్లాక నేను లోపలికెళ్లి, తప్పయిపోయిందని చెప్పాను. నాకు ఏడుపు ఆగలేదు. ఆ పిల్ల గొంగళి మడత పెడుతోంది.

"బావని ఇంటికి రమ్మని సెప్పగలవా సిస్టరమ్మా? నాకోసం కాదు. మా అక్క మరి ఆ కొండ ఎక్కి దిగనేదు" అంది.

పెద్ద కోడలు ఆసుపత్రి నుంచి బతికి తిరిగొచ్చాక పాక దగ్గరికి వెళ్లాను. అతను కూర్చోవడానికి పీట వేసి, తను కింద కూర్చున్నాడు. నీ తప్పు లేదు, ఆ పిల్ల తప్పు లేదు, చేసిందంతా నేనే అని చెప్పాను. మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు.

"నీ మీద కోపం నేదమ్మా. మా మనిసిని బతికించినావు. ఐతే ఏటి సేత్తాను, కల్లు సూసీసినాయి గదా."

ఇప్పుడు కిటికీకి చెక్క తలుపు పెట్టించాను. కాన్పులు మళ్లీ వస్తున్నాయి, లైటు ఎక్కడ పెట్టాలో ఆడవాళ్లని అడిగే పెడుతున్నాను. అతను మాత్రం ఇంటికి రాలేదు. పెద్ద కోడలు బిడ్డని వీపున కట్టుకుని, అన్నం మూట పట్టుకుని ఇంకా ఆ కొండ ఎక్కుతూనే ఉంది. దారిలో ఎదురైతే నేనే పక్కకి తప్పుకుంటున్నాను.