ఉండలు, బుడగలు

గుంటూరు అంకుల్ చెయ్యి ఊరికే ఉండేది కాదు. టీ తాగుతున్నా, కారులో నా పక్కన కూర్చున్నా గరిటె తిప్పుతున్నట్టు గాల్లో తిరుగుతూ ఉండేది. పరాయి దేశంలో, ట్రుగనీనా అనే శివారులో మేమిద్దరం పనిచేసిన ఫౌండ్రీలో, కరిగిన అల్యూమినియంలో గట్టి సిరామిక్ పొడి కలిపి బ్రేక్ డిస్కులు పోసేవాళ్లం. కలపడం ఆయన పని.

పొడిని ముందు వేడిచేసి తేమంతా పోగొట్టేవారు. "రవ్వ వేయించకుండా ఉప్మా చేస్తామా?" అనేవారు. అయినా డిస్కు కోసి చూస్తే లోపల ఏదో ఒక లోపం కనబడేది.

"స్లోగా తిప్పితే పొడి ఉండలు కడతది. ఫాస్ట్‌గా తిప్పితే గాలి లోపలికి పోయి బుడగలొస్తాయి. ఇంకెట్టా తిప్పమంటావురా?" అని నన్నే అడిగేవారు.

చివరి ట్రయల్ కూడా పోయింది. కోసిన ముక్కలో ఉండలూ ఉన్నాయి, బుడగలూ ఉన్నాయి. మేనేజర్ దాన్ని బల్ల మీద పెట్టి, "సారీ మేట్" అని, మా సెక్షన్ మూసేస్తున్నామని చెప్పి వెళ్లిపోయాడు.

"నీ వీసా ఈ జాబ్ మీదే కదరా. రేపట్నుంచే అప్లై చెయ్యి," అన్నారు అంకుల్. గొంతు మామూలుగానే ఉంది. బల్ల కింద చెయ్యి మాత్రం తిరుగుతోంది. మెల్లగా, కాసేపటికి జోరుగా, మళ్లీ మెల్లగా.