మా అత్త రాయించిన గెడ్డ అర్జీ

మా కన్నవారిది చీపురుపల్లి దగ్గర మెట్ట ఊరు. వాన కోసం ఎదురుచూడటమే తప్ప వానకి భయపడటం అక్కడ ఎవరికీ తెలియదు. పెళ్లయి కోటబొమ్మాళి పక్కనున్న ఈ ఊరికి వచ్చిన ఏడాదే నాకా భయం తెలిసింది. మా వీధి వెనకాలే గెడ్డ. పై ఊళ్ల చెరువులు నిండి పొర్లిన నీళ్లన్నీ అందులో పడి సముద్రం వైపు పోవాలి. ఆ ఏడు దసరా వెళ్లాక తుఫాను వచ్చింది. తెల్లారి మంచం దిగబోతే కాలు నీళ్లలో పడింది. నేను ఏడుపు అందుకున్నాను. మా అత్త అప్పటికే చీర మోకాళ్ల పైకి దోపుకుని, బియ్యం డ్రమ్ముని బల్ల మీదికి ఎక్కించి, కోళ్లను పట్టుకొస్తోంది.

"ఏడుస్తావేటే? ఉన్న నీల్లు సాలవా? ఆ నిచ్చెనెక్కి ఈ కోడిని అందుకో," అంది.

నేను నిచ్చెన మీద నిలబడి ఒక్కొక్క కోడినీ అందుకుని అటక మీద వదిలాను. ఏడుపు ఎప్పుడు ఆగిందో నాకే తెలియలేదు.

నీళ్లు మూడోనాటికి దిగిపోయాయి. బురద మాత్రం నెల్లాళ్లు మాతోనే ఉంది. తలుపు సందుల్లో, కుట్టు మిషను డ్రాయరులో, పప్పు డబ్బా మూత కింద కూడా అదే. కడిగి కడిగి నా వేళ్లు ఒరుసుకుపోతే అత్త రోజూ కొబ్బరినూనె రాసేది. రాస్తూ గెడ్డ గురించి చెప్పేది. తను కాపరానికి వచ్చినప్పుడు నిలువెత్తు వెదురు గెడ దించినా అడుగు తగిలేది కాదట. ఇప్పుడు మట్టి పూడిపోయి, గుర్రపుడెక్క అల్లుకుని, గేదె దాటితే కడుపు తడవని లోతుకి వచ్చింది. పూడిక తీస్తే నీళ్లు ఇళ్లలోకి రావని వీధిలో అందరికీ తెలుసు. తీసేవాళ్లే లేరు.

నేను ఇంటర్ దాకా చదివానని, చేతిరాత బాగుంటుందని పెళ్లిచూపుల్లోనే మా అమ్మ చెప్పింది. ఆ సంగతి అత్త మరిచిపోలేదు. ఒక మధ్యాహ్నం కాయితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది.

"నాను సెప్తాను, నువ్వు రాయి."

తను చెప్పడం మొదలెడితే నాకు నవ్వు ఆగలేదు. అందులో సగం తిట్లే. నేను వాటిని తీసేసి, "గౌరవనీయులైన అధికారి గారి దివ్యసముఖమునకు" అని మొదలుపెట్టి, ప్రజల సౌకర్యార్థం పూడిక తీయించ ప్రార్థన అని ముగించాను. చదివి వినిపించమంది. విని, నా మొహంలోకి చూసింది.

"బాగున్నాది గానీ, ఇందులో నాను సెప్పింది ఏదే?"

అలాంటివే ఎన్ని రాశానో లెక్కలేదు. వీధిలోని ఆడవాళ్లంతా సంతకాలు పెట్టేవారు, సంతకం రానివాళ్లు వేలిముద్ర వేసేవారు. పంచాయతీలో ఇస్తే గెడ్డ నీటిపారుదల వాళ్లదన్నారు. నీటిపారుదల ఆఫీసులో ఇస్తే ఇంత చిన్న గెడ్డ తమది కాదు, పంచాయతీదేనన్నారు. సోమవారం అర్జీలు తీసుకునే చోట ఇస్తే రశీదు ఇచ్చారు. అత్త ఆ రశీదులన్నీ ఒక పాత స్వీటు డబ్బాలో దాచింది. తుఫాను వచ్చినప్పుడల్లా ఎవరో ఒక ఆఫీసరు వచ్చి చూసేవారు, బియ్యం, కందిపప్పు ఇచ్చి వెళ్లేవారు. పూడిక మాట ఎత్తితే పైకి రాశాం అనేవారు. "ఎంత పైకి రాసినారు బాబూ? ఆ పైన కూడా నీల్లొచ్చినాయేటి?" అని అత్త ఒకసారి అడిగింది. ఆ వచ్చిన ఆఫీసరు నవ్వి జీపెక్కాడు.

మూడేళ్ల కిందట మళ్లీ నీళ్లు వచ్చాయి. ఈసారి నీళ్లతో పాటు పాము వచ్చి పొయ్యి గట్టు మీద చుట్టుకుంది. నేను నా కూతుర్ని ఎత్తుకుని మంచం మీద, అత్త నా పక్కన. మధ్యాహ్నం దాకా అలాగే కూర్చున్నాం. పాము తనంతట తను వెళ్లిపోయాక అత్త కాయితం తెమ్మంది. ఆరోజు నాకూ ఒళ్లు మండిపోతోంది. దివ్యసముఖాలేమీ పెట్టకుండా, తను ఎలా చెప్పిందో అలాగే రాసేశాను.

"అయ్యా, మా పొయ్యి మీద పాము ఉన్నాది. మా కోల్లు అటక మీద ఉన్నాయి. మాము మంచం మీద ఉన్నాము. మీరు ఎక్కడ ఉన్నారో తెలపవలెను."

అది రాశాక ఇద్దరం నవ్వుకున్నాం. దాన్ని నిజంగా ఇస్తుందని నేను అనుకోలేదు. సోమవారం ఇచ్చేసి వచ్చింది.

పది రోజుల తర్వాత ఒక అమ్మాయి స్కూటీ మీద వచ్చింది. కొత్తగా వచ్చిన ఇంజనీరట. ఇరవయ్యారు, ఇరవయ్యేడేళ్లు ఉంటాయి. అర్జీ చేతిలో పట్టుకుని, "ఇది రాసింది ఎవరండీ?" అని అడిగింది. నేను అత్త వెనక్కి జరిగాను. అత్త ముందుకొచ్చి, "రాసింది మా కోడలు. సెప్పింది నాను. తప్పుంటే నన్నడుగు తల్లీ," అంది.

"తప్పేం లేదమ్మా. గెడ్డ చూద్దామని వచ్చాను."

అత్త ఆమెను గట్టు మీదికి తీసుకెళ్లింది. పైనుంచి చూస్తే గెడ్డ పచ్చగా పచ్చికలా ఉంటుంది. ఇంకాస్త ముందుకెళ్లి చూద్దామని ఆమె అడుగు వేసింది. వద్దని మేం అనేలోపే కాలు మోకాలి దాకా దిగబడింది. ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని లాగితే కాలు వచ్చింది గానీ చెప్పు రాలేదు. ఆ అమ్మాయి సిగ్గుపడి నవ్వింది. అత్త నూతి దగ్గర కూర్చోబెట్టి, వద్దంటున్నా వినకుండా ఆమె కాళ్లు తనే కడిగింది. రాగిపిండితో కాచిన చోడి అంబలి ఇచ్చింది. వెళ్లేటప్పుడు తన చెప్పులు తొడిగి పంపింది.

"లోతు నాకు తెలిసిందమ్మా," అంది ఆ అమ్మాయి బండి తీస్తూ. "ఇంక నేను రాస్తాను."

రాసింది కూడా. ఆర్నెల్లు పట్టింది గానీ పని మంజూరైంది. వీధంతా సంబరం. పని మొదలెట్టే ముందు గెడ్డ హద్దులు తేల్చాలని ఆ అమ్మాయి, సర్వేయరు పాత పటం పట్టుకుని వచ్చారు. గట్టు పొడుగునా కొలుస్తూ మా దొడ్లోకి వచ్చారు. కొలత గొలుసు మా గేదెల సాలంతా దాటి ఇంటి వైపు గుంజ దాకా వచ్చింది. సర్వేయరు ఆ గుంజ మీద ఎర్ర రంగుతో గీత గీశాడు. పక్కింట్లో ఉండే అత్త మరిది, అంటే మా చినమావ, పెంచుకున్న కొబ్బరి చెట్లు నాలుగూ ఆ గీతకి అవతలే పడ్డాయి.

"ఆ గీత సరిగ్గానే పడిందా తల్లీ?" అని అత్త అడిగింది.

"పటంలో గెడ్డ ఇక్కడిదాకా ఉందమ్మా," అంది ఆ అమ్మాయి. ఆమె మొహం చిన్నబోయింది. "మీ సాలే కాదు, ఈ వరసలో ఆరిళ్ల వాళ్ల దొడ్లు కొంత పోతాయి."

చినమావ ఊరుకోలేదు. "సూసినావా వదినా? అర్జీలు అర్జీలని తిరిగినావు, ఇప్పుడు మన కొంపకే తెచ్చినావు. నాను సెట్లు కొట్టనివ్వను," అని గోడవతల నుంచి కేకలేశాడు. మిగతా ఇళ్లవాళ్లూ గొణుక్కున్నారు. ఎవరిది వాళ్లు పట్టుకుని కూర్చుంటే పని వెనక్కి పోతుందని అందరికీ తెలుసు.

ఆ సాయంత్రం అత్త గేదెకి గడ్డి వేసి, సాలలోనే చాలాసేపు కూర్చుంది. నేను టీ తీసుకెళ్లాను. ఆ సాల మా మావ కట్టింది. ఆయన పోయి అప్పటికి ఎనిమిదేళ్లు.

"సర్వేయరు తప్పు గీయనేదే," అంది అత్త. "నాను వచ్చినప్పుడు గెడ్డ ఇక్కడిదాకా ఉన్నాది. ఏటేటా రెండు తట్టల మట్టి పోసి మీ మావ గట్టుని ముందుకు జరిపినాడు. నాను తట్ట అందిచ్చినాను. ఊరందర్నీ తిట్టినాను గానీ, గెడ్డ పీక మీద నా గేదినే కట్టినాను."

నేను పక్కన కూర్చున్నాను. టీ చల్లారిపోయింది.

మర్నాడు పొద్దున్నే గేదెని తెచ్చి ముందు వసారాలో కట్టేసి, అత్త సాల మీదికి నిచ్చెన వేసింది. తాటాకు ఒక్కొక్కటే పీకి కింద పడేయడం మొదలెట్టింది. నేనూ, మా ఆయనా వెళ్లి పట్టుకున్నాం. వీధి వీధంతా చూస్తోంది. గుంజలు పీకే వేళకి చినమావ గునపం పట్టుకుని వచ్చాడు. అత్తతో మాట్లాడలేదు. మా ఆయన్ని పక్కకి జరగమని, గుంజ మొదట్లో తవ్వసాగాడు. మూడు గుంజలు తీశాక చెమట తుడుచుకుంటూ అన్నాడు.

"కాయలు దించుకున్నాక సెట్లు కొట్టమని సెప్పు."

"కాయలన్నీ నాకే పంపు," అంది అత్త. చినమావ నవ్వాడు. మిగిలిన నాలుగిళ్లవాళ్లూ రెండు రోజుల్లో గీత అవతలిది ఖాళీ చేశారు.

పొక్లెయిను వచ్చిన పదకొండు రోజులూ అత్త గొడుగేసుకుని గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. డ్రైవరుకి రోజూ అంబలి ఇచ్చేది, దాంతోపాటు సలహాలూ ఇచ్చేది.

"ఇంకొంచెం లోతు తియ్యి బాబూ."

"కొలత ఉంటాది కదమ్మా, దాని పెకారమే తీయాల."

"కొలత కాయితం మీద ఉంటాది. నీల్లు మా ఇంట్లో ఉంటాయి. తియ్యి."

ఆయన ఇంకో బకెట్టు తీసేవాడు. మట్టి కంపుకి వీధిలో అన్నం సహించేది కాదు. ఎవరూ విసుక్కోలేదు.

కిందటేడు పెద్ద వాన రెండు రోజులు కురిసింది. నేను బియ్యం డ్రమ్ము బల్ల ఎక్కించబోతే అత్త ఉండమంది. ఇద్దరం గొడుగు కింద గట్టు దగ్గర నిలబడ్డాం. ఎర్రటి నీళ్లు సుడులు తిరుగుతూ పోతున్నాయి. గట్టుకి జానెడు కింద దాకా వచ్చి ఆగాయి. సాయంత్రానికి తగ్గడం మొదలెట్టాయి. అత్త ఇంటికొచ్చి, తడి చీరతోనే గుమ్మంలో కూర్చుని, పొడిగా ఉన్న నేలని అరచేత్తో తడుముతూ ఉండిపోయింది. ఆవిడ కన్నీళ్లు పెట్టుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

నాలుగు రోజుల తర్వాత దిగువనున్న చేపలోళ్ల పేట నుంచి ముగ్గురు ఆడవాళ్లు వచ్చారు. పూడిక మా ఊరి కల్వర్టు దాకానే తీశారు. మా దగ్గర ఆగకుండా పోయిన నీళ్లు వాళ్ల ఇళ్లలో నిలిచాయి. "మీ నీల్లు మాకొచ్చినాయమ్మా," అంది అందులో పెద్దావిడ. కోపంగా కాదు, చెప్పాలి కాబట్టి చెప్పినట్టు. అత్త వాళ్లని కూర్చోబెట్టి టీ పెట్టమంది. వాళ్లు చెప్పిందంతా విని, "తప్పు మాదే. మా మట్టుకే అడిగినాం," అంది.

అప్పటి నుంచి సోమవారం వస్తే అత్త వాళ్లతో కలిసి ఆటో ఎక్కుతోంది. ఆ పని ఇంకా మంజూరు కాలేదు. ఆ ఇంజనీరు అమ్మాయికి బదిలీ అయిపోయింది, ఆమె చోట వచ్చినాయన కల్వర్టు కింద భాగం తమది కాదంటున్నాడు. మొన్న సోమవారం కూడా రశీదుతోనే తిరిగొచ్చారు. మధ్యాహ్నం ఎండలో ఆటో దిగిన అత్త చేతిలో ఎండు చేపల పొట్లం ఉంది. వద్దన్నా వినకుండా పేటవాళ్లు ఇచ్చారట. వంకాయతో కలిపి వండమని నా చేతికిచ్చి, కాళ్లు చాపుకుని వసారాలో గేదె పక్కనే పడుకుంది.