మంచినీళ్ళ డ్రమ్ములు

"రెండు డ్రమ్ములూ తొట్టిలో పోస్తే చాలమ్మా. అత్తయ్యకి ఇవాళే బాప్తిస్మం ఇచ్చేస్తాను," అన్నాడు మా అబ్బాయి.

"తాగే నీళ్ళురా అవి. గేదెల తొట్టిలో పోస్తావా?"

"తొట్టి నేనే తోమి కడిగాను. రేపు పొద్దున్నే ఏలూరు వెళ్ళి బైబిలు కాలేజీలో ప్రిన్సిపాల్‌గా చేరాలి. ఆవిడ వాలకం చూశావుగా."

"ప్రిన్సిపాల్ గారికి కుళాయి తిప్పితే వస్తాయి నీళ్ళు. మాకు ట్యాంకరు మళ్ళీ ఆదివారానికి గాని రాదు."

పదిహేనేళ్ళు మా కొల్లేటి గట్టు ఊళ్ళో పాస్టరుగా చేసి, ఇప్పుడు వాడు కాలేజీకి పెద్దగా వెళ్తున్నాడు. మా అత్తగారి తాతల కాలంలో ఈ ఊరికి వాక్యం తెచ్చిన దొరగారూ అలాగే వెళ్ళారట. బయల్దేరే పూట కూడా కాలవలో నడుం లోతున నిలబడి బాప్తిస్మాలు ఇచ్చారని ఆవిడ చెప్పేవారు. వీడు ఆ మాటే పట్టుకున్నాడు. కాని ఈ వేసవికి కాలవకి నీళ్ళు కట్టేశారు. చుట్టూ ఉన్నవి చేపల చెరువులు. ఆ నీళ్ళలో కాలు పెడితేనే దురద.

మంచం మీద ఉన్నది మా ఆడపడుచు. హిందువుల ఇంటికి కోడలిగా వెళ్ళింది. వాళ్ళాయన బతికినన్నాళ్ళూ బాప్తిస్మానికి ఒప్పుకోలేదు. ఆయన పోయాక, ఈ మధ్యే మంచం పట్టి మా దగ్గరికొచ్చింది. బాప్తిస్మం లేనివాళ్ళని మా సంఘం సమాధుల తోటలో పెట్టరు. వాళ్ళమ్మ పక్కన పడుకోవాలని తనకి ఒకటే కోరిక.

"పోనీ, నెత్తిన చెంబుడు నీళ్ళు పోస్తాను," అన్నాడు వాడు.

"ముంచందే బాప్తిస్మం కాదని పదిహేనేళ్ళు చెప్పిన నోరేనా అది?"



"నా వాటా నీళ్ళు మానేస్తాలే వదినా," అంది మంచంలోంచి. "ఎలాగూ గుటక దిగడం లేదు."

"వారంలో కాలవకి నీళ్ళొదులుతారు. కాస్త ఓపిక పట్టు," అన్నాను. డ్రమ్ముల మీద మూతలు పెట్టి, పైన రాళ్ళు పెట్టాను. మూడో తరగతితో నేను బడి మానింది బిందె మొయ్యడానికే.

మర్నాడు పొద్దున్న కాఫీ ఇద్దామని తనని లేపితే ఒళ్ళు చల్లగా ఉంది. బస్సుకి తయారైన మా అబ్బాయి బూట్లు విప్పి గడప మీద కూర్చున్నాడు. సంఘ పెద్దలు వచ్చి, తోట గోడకి అవతల చోటు చూపించారు. వాడు ఎదురు చెప్పలేదు. నేను రాయి దించి, మూత తీసి, తనకి స్నానం చేయించాను. ఒక డ్రమ్ము పట్టింది. రెండోది వచ్చినవాళ్ళు తాగారు.