చివరి చరణం లేని జోలపాట

మహబూబాబాద్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో నా ఎనిమిది నెలల పాప ఎంతకీ నిద్రపోవడం లేదు. ఫోన్లో జోలపాట పెట్టాను. అది ఎప్పటిలాగే మధ్యలో తెగిపోయింది. మళ్లీ మొదటి నుంచి పెట్టాను. పాట ఆగితే పాప లేస్తుందని నా భయం. ఇంట్లో పాప పడుకున్నాక కూడా పెడుతూనే ఉంటాను.

పక్కన కూర్చున్న పెద్దాయన నవ్వాడు. "అది మా దగ్గర తీసిన పాటనే బిడ్డా." జనగామలో ఒక స్టూడియోలో ముప్పై ఏళ్లుగా పాటలు రికార్డు చేస్తున్నాడట.

"మధ్యల్నే ఆగిపోతది బాపు. ఖరాబైందేమో అనుకున్న."

"ఖరాబు కాలే. బయ్యారం దిక్కు తండా నుంచి ఒకామె చంటిపిల్లతోని వచ్చింది. పిల్లను బయట ఉంచితే ఆమెకు పాటే రాలే. 'ఎవలికి పాడాలె సార్?' అన్నది. ఫ్యాన్ కొక్కానికి చీర కట్టి తొట్టెల ఏసినం. జర చెవి పెట్టు, కిర్రుమంటది."

చెవి పెట్టాను. నిజమే, పాట వెనక సన్నగా కిర్రు వినిపించింది.

"పిల్ల పండుకుంది, ఆమె పాట ఆపింది. ఇంకో చరణం ఉన్నది కదమ్మా అంటే, 'నిద్రపోయిన పిల్లను లేపుమంటరా?' అని మమ్ములనే గద్దించింది."

నవ్వుతూ కిందికి చూస్తే నా ఒళ్లో పాప నిద్రపోయి ఉంది. అలవాటుగా పాట మళ్లీ పెట్టబోయాను. ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

ఆయన రైలు వేళైంది. పోయొస్తానని కూడా అనలేదు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, ఉత్త కాళ్లతో తలుపు దాకా నడిచాడు.

ఇది రాస్తుంటే పాప పక్కనే పడుకుంది. పాట ఆగి చాలాసేపైంది. మళ్లీ పెట్టలేదు.