గుంటూరు పడదన్న మాట

బంగార్రాజుకి అబద్ధం ఆడడం చేతకాదని చోడవరంలో మాడుగుల రోడ్డు పొడుగునా అందరికీ తెలుసు. అది మెచ్చుకోవలసిన గుణమో, జాలిపడవలసిన జబ్బో ఎవరూ తేల్చలేదు. ఒకసారి గేదెను అమ్మకానికి పెట్టాడు. కొనడానికి వచ్చిన రోలుగుంట ఆసామి పాలు చూసుకుని, పళ్లు చూసుకుని, సంతోషంగా లేవబోతుంటే, "ఒకటి సెప్పడం మరిసిపోనాను బాబూ, ఇది తంతాది" అన్నాడు. ఆ ఆసామి మళ్లీ కూర్చుని, టీ తాగి, గేదె లేకుండా వెళ్లిపోయాడు. భార్య నూకరత్నం ఆ పూట తల బాదుకుంది. కానీ పదిమంది ఆడవాళ్లలో కూర్చున్నప్పుడు మాత్రం "మా ఇంటాయన మాటంటే మాటే" అని మెడ కాస్త నిక్కించి చెప్పుకునేది. చెరకు చేలకి నీళ్ల వంతు దగ్గర తగువొస్తే, "నిన్న మడవ ఎవలు కట్టేరో బంగార్రాజునడగండి" అనేవారు. అతనేమంటే అది. తగువు అక్కడితో సరి.

అలాంటి మనిషి మొన్న ఒక అబద్ధం ఆడాడు. లేక లేక ఆడినవాడు ఏ గేదె గురించో ఆడి ఊరుకోవచ్చు కదా! కన్నకూతురి చదువు మీద ఆడాడు.

కూతురు కీర్తి. ఒక్కతే సంతానం. ఎనిమిదో తరగతి నుంచీ ఆ పిల్లని బండి మీద బడికి దింపింది, తర్వాత బైపీసీకి కాలేజీకి దింపింది బంగార్రాజే. వెనక కూర్చుని, ముందురోజు చదివిన పాఠమంతా అతని చెవిలో అప్పచెప్పేది. చెరకు రసం తాగితే అది ఒంట్లో ఎక్కడెక్కడికి పోతుందో, మనిషికి ఆయాసం ఎందుకొస్తుందో అతనికి అలాగే తెలిసింది. "ఒరే, మనిషి గుండెకి నాలుగు గదులుంతాయంట. మనకి సూడు, మొత్తం ఇల్లంతా కలిపి రెండు గదులే" అని తోటి రైతులతో చెప్పి నవ్వేవాడు. వాళ్లు నవ్వకపోయినా అతను నవ్వేవాడు. రోజులో అతనికి నచ్చిన పని అదే, ఆ బండి ప్రయాణం.

కీర్తి నీట్ రాసింది. డాక్టరు సీటు వచ్చేపాటి ర్యాంకు తెచ్చుకుంది. ఇక ఏ కాలేజీ కావాలో కంప్యూటర్లో వరసగా పెట్టాలి. పైన పెట్టింది వస్తే కిందవాటి మొహం ఎవరూ చూడరు. అందుకని వరస ముఖ్యం అని తల్లికీ తండ్రికీ ఒకటికి రెండుసార్లు వివరించింది.

"ఫస్ట్ గుంటూరు పెడతాను నాన్నా. పాత కాలేజీ, పెద్దాసుపత్రి. ఎక్కడెక్కడి రోగులో వస్తారు. పుస్తకాలెక్కడైనా సదువుకోవచ్చు, రోగుల్ని సూడాలంటే అక్కడే సూడాలి. రెండోది విజయనగరం."

బంగార్రాజు మనసులో దూరాలు లెక్కేసుకున్నాడు. విజయనగరమైతే శనివారం సాయంత్రం బస్సెక్కితే రాత్రి అన్నానికి ఇంట్లో ఉంటుంది. గుంటూరంటే రైలు. ఇక సెలవలకే చూడడం. ఉన్నమాట చెప్పెయ్యొచ్చు: "అంత దూరం ఎల్లకే, నిన్ను సూడకుండా నేనుండలేను" అని. సిగ్గేసింది. చదువుకునే పిల్లకి అడ్డుపడే తండ్రి అనిపించుకోవడం అతనికి ఇష్టం లేదు. అడ్డుపడడం మాత్రం ఇష్టంగానే ఉంది.

అప్పుడు నూకరత్నం, తనకి తెలియకుండానే, అతనికి దారి చూపించింది. "పంతులుగోరి దగ్గరికెల్లి అర్వణం సూపించుకురా" అంది.

కొత్త ఊరికి కాపురం మారేవాళ్లు, స్థలం కొనేవాళ్లు మనిషి పేరులో మొదటి అక్షరం, ఊరి పేరులో మొదటి అక్షరం పట్టుకుని వెళ్తే, ఆ రెంటికీ పొత్తు కుదురుతుందో లేదో సిద్ధాంతి చూసి చెబుతాడు. అదీ అర్వణం అంటే. కాలేజీకి కూడా అర్వణమేమిటని మీరనొచ్చు. నూకరత్నం ముందు అనకండి. ఆవిడ తమ్ముడు పెదబాబు ఎవరినీ అడక్కుండా గాజువాకలో పనికి చేరాడు. చేరిన ఏడాదే లారీ కింద పడి పోయాడు. తర్వాత చూపిస్తే, ఆ పేరుకి గాజువాక పడదని తేలింది. అప్పటినుంచీ ఆవిడకి అక్షరమంటే భయం. ఇంట్లో ఎవరు ఎక్కడికి వెళ్లి నాలుగురోజులుండాలన్నా ముందు పంతులుగారే.

పంతులుగారంటే రామచంద్రమూర్తి. బళ్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. పంచాంగం చూడడం తాతల నాటినుంచి వస్తున్న విద్య. గుంటూరు పేరు చెప్పగానే ఆయన మొహం వెలిగిపోయింది.

"దివ్యంగా ఉందయ్యా! అమ్మాయి పేరూ ఊరి పేరూ ఒకే వర్గం. సొంతింటికి వెళ్లినట్టే. కళ్లు మూసుకుని పంపించు."

"విజయనగరవో అండీ?" బంగార్రాజు గొంతు సన్నగా వచ్చింది.

"తప్పులేదు. మధ్యస్థం. కానీ గుంటూరు ఉండగా దాని ఊసెందుకు?"

బంగార్రాజు దణ్ణం పెట్టి బయటికొచ్చాడు. ఇంటికొచ్చేసరికి నూకరత్నం గుమ్మంలోనే ఉంది. చేతిలో చేట, చేటలో బియ్యం. బియ్యం చూడడం లేదు, అతని మొహమే చూస్తోంది.

"గుంటూరు పడదంట" అన్నాడు.

గొంతు వణకలేదు. నోరు తడబడలేదు. అబద్ధం ఇంత సులువని తెలియక ఇన్నేళ్లూ వృథా చేశానా అని ఒక్క క్షణం అతనికే ఆశ్చర్యమేసింది. కానీ నూకరత్నం చేట కింద పెట్టేసింది.

"మా తమ్ముడికి గాజువాక లాగా?"

ఇక్కడైనా ఆగవలసింది. అంత కాదులే అనవలసింది. బంగార్రాజు తలూపాడు. మాట కన్నా ఆ తల ఊపడమే పెద్ద పాపమని అతనికి అప్పుడే తెలుసు. తెలిసే ఊపాడు.

కీర్తి ఎగిరిపడింది. "అచ్చరాలు సూసి కాలేజీ ఏటే అమ్మా? నవ్విపోతారు." నూకరత్నం వాదించలేదు. ఆ పూట అన్నం తినలేదు, మర్నాడూ తినలేదు. కూతురి చెయ్యి పట్టుకుని, "నువ్వు నమ్మకు. నా కోసం మానెయ్" అంది. పిల్ల తండ్రి వైపు చూసింది. తండ్రి పెరట్లో గేదె వైపు చూశాడు.

విజయనగరం ముందు పెట్టింది. విజయనగరమే వచ్చింది.

కాలేజీకేం లోటు లేదు, బాగానే ఉంది. కానీ కీర్తితో కలిసి చదివిన చిన్నారికి గుంటూరు వచ్చింది. "దానిది నాకన్నా వెనక ర్యాంకు నాన్నా" అంది కీర్తి. నవ్వుతూనే అంది. నిష్ఠూరం ఆడినా బాగుండేది. ఆ నవ్వు బంగార్రాజుకి అన్నంలో రాయిలా తగిలింది. పిల్లని హాస్టల్లో దింపి వచ్చాక మాడుగుల వెళ్లి హల్వా కొన్నాడు. ఆదివారం ఆదివారం ఇంటికొచ్చిన పిల్లకి హల్వా పెట్టడం మొదలుపెట్టాడు. "ఏటి నాన్నా, ప్రతివారం పండగా?" అని అడిగేది. అబద్ధమాడి కోరి తెచ్చుకున్న ఆదివారం. పిల్ల ఎదురుగా కూర్చుని తింటుంటే అతను ఆ మొహం చూడలేక చెయ్యి కడుక్కునే వంకతో లేచిపోయేవాడు.

ఇలాగే సాగిపోయేదేమో. మనిషి దేనికైనా అలవాటు పడతాడు, తప్పుకి మరీ తొందరగా. కానీ ఒక ఉదయం నూకరత్నం వినాయకుడి గుడి నుంచి రుసరుసలాడుతూ వచ్చింది.

"పంతులుగోరికి మతి పోయిందయ్యా పాపం! గుళ్లో కనబడి, అమ్మాయి గుంటూరులో సేరిందా అనడిగేడు. మీరే పడదన్నారు కదా అన్నాను. నేనా? దివ్యంగా ఉందని సెప్పేను అంతాడు! నలుగురూ నిలబడి ఇంటన్నారు. మా ఇంటాయన అబద్దవాడే మనిషి కాడండీ, మీకే గెపకం లేదు అని గట్టిగా సెప్పేసేను. అక్కడున్నోలందరూ నా మాటే నిజవన్నారు. ఇంక ఆయన దగ్గరికి ఎవలెల్తారు? దుర్గాదేవి కొడుకు పెళ్లి ముహూర్తం ఇంకోలి దగ్గర పెట్టించుకుంతాదంట."

బంగార్రాజు నోట్లో వేపపుల్ల అలాగే ఉండిపోయింది. గుళ్లో నలుగురు మనుషులు ఒక పెద్దమనిషి మొహం మీద నీ మాట అబద్ధమంటే, దానికి సాక్ష్యం తన నిజాయితీ! ఇన్నేళ్లు కూడబెట్టుకున్న మంచిపేరు వెళ్లి ఆ ముసలాయన నెత్తిన పడింది.

రెండు రోజులు చేలో పని చేస్తున్నట్టు తిరిగాడు. ఏ పనీ చెయ్యలేదు. మూడోరోజు బండి తీసి పంతులుగారి ఇంటికి వెళ్లాడు. కాళ్ల మీద పడదామనే వెళ్లాడు. రామచంద్రమూర్తి అతన్ని చూడగానే కుర్చీలోంచి లేచాడు. చేతులు జోడించాడు.

"బంగార్రాజూ, నన్ను క్షమించాలయ్యా. మీ ఆవిడ చెప్పింది. ముందు నాకు కోపం వచ్చింది. తర్వాత ఆలోచించాను. నువ్వు అబద్ధం ఆడే మనిషివి కావు. నేనే ఏదో మాట్లాడి ఇంకేదో గుర్తుపెట్టుకుని ఉంటాను. మా అమ్మాయి శ్రీలలిత విశాఖపట్నంలో డాక్టరుకి చూపిద్దాం, మతిమరుపు మొదలైందేమో అంటోంది. ఈ వయసులో ఉండొచ్చులే. పంచాంగం చూడడం మానేశాను. తప్పు చెప్పి ఒకరి బతుకు పాడుచేయడం కన్నా మానేయడం మంచిది కదా?"

బంగార్రాజు ఆ జోడించిన చేతులు పట్టుకుని విడదీశాడు. ఏడుపు వచ్చేసింది. ఏడుపులోనే అన్నాడు. "మీరు సరిగ్గానే సెప్పేరు పంతులుగోరూ. సొంతింటికి ఎల్లినట్టే అన్నారు. నేనే పడదని సెప్పేను. మా గుంట దూరం ఎలిపోతాదని సెప్పేను."

రామచంద్రమూర్తి నెమ్మదిగా కూర్చున్నాడు. ఆయన మొహంలో ముందు కనిపించింది కోపం కాదు, బతికి బయటపడ్డ మనిషి ఊరట. కోపం తర్వాత వచ్చింది.

"నిద్రలో కూడా అక్షరాల వర్గాలు లెక్కపెట్టుకుంటున్నానయ్యా, నా బుర్ర పనిచేస్తోందో లేదో తెలియక. నాకు చెప్పావు, సంతోషం. నాకు చెబితే నీ కూతురి సీటు మారుతుందా? వెళ్లి చెప్పవలసినవాళ్లకి చెప్పు."

సీటు మారే దారి ఇంకా ఉంది. రెండో విడతకి మళ్లీ కాలేజీలు పెట్టుకోమన్నారు, ఆదివారమే ఆఖరు. ఉన్నది చాలు, పెట్టనని కీర్తి ముందే చెప్పేసింది. ఆ ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ భోజనాలకి కూర్చున్నప్పుడు బంగార్రాజు ముద్ద కలపకుండానే చెప్పాడు. పంతులుగారు అన్న మాట చెప్పాడు, తను మార్చిన మాట చెప్పాడు. ఎందుకు మార్చాడో కూడా చెప్పాడు. అది చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది.

కీర్తి చేతిలో ముద్ద కంచంలో పెట్టేసి, "నాతో సెప్తే నేనే ఉండిపోదును కదా నాన్నా" అంది. అడిగి ఉంటే దొరికేదాన్ని దొంగతనం చేశాడు.

నూకరత్నం కంచం పక్కకి జరిపింది. తిడుతుందనుకున్నాడు, తిట్టలేదు. "మా తమ్ముడి సావు అడ్డం పెట్టి నన్ను బయపెట్టేవా?" అంది. గొంతు ఎత్తలేదు. లేచి, చీర కొంగు సర్దుకుని, ఎండలో పంతులుగారింటికి నడుచుకుంటూ వెళ్లింది. గుళ్లో నలుగురిలో అన్న మాటని మళ్లీ ఆ నలుగురికీ వెళ్లి తప్పని చెప్పుకొచ్చింది. దుర్గాదేవి ఇంటికి కూడా వెళ్లింది. మొగుడి మీద అంత గర్వపడిన మనిషి, ఆ మొగుడే అబద్ధమాడాడని ఇంటింటికీ చెప్పుకోవలసి వచ్చింది.

ఆ సాయంత్రం కీర్తి గుంటూరు పైన పెట్టింది. ఎవరూ ఏ అక్షరమూ చూపించలేదు.

ఫలితం వచ్చిన రోజు పిల్ల హాస్టల్లోనే ఉంది. అక్కడినుంచే ఫోను చేసింది. బంగార్రాజు పెరట్లో ఎత్తాడు. విన్నాడు. ఇక ఆదివారాలు లేవు, ఇన్నాళ్లు మోసిన బరువూ లేదు. మంచిదమ్మా, మంచిదమ్మా అని మాత్రం అనగలిగాడు. ఫోను పెట్టేసి వంటింట్లోకి పరిగెత్తాడు.

"ఒసే, అమ్మాయికి గుంటూరొచ్చింది!"

నూకరత్నం కూర దింపి, చెయ్యి తుడుచుకుని, అతని చేతిలోంచి ఫోను తీసుకుంది. కూతురికి మళ్లీ కలిపింది.

"అమ్మా కీర్తీ, మీ నాన్న నీకు గుంటూరొచ్చిందంతన్నాడు. నిజవేనా?"