నూనె మేడం పటం

కన్యాకుమారి గారు చీపురుపల్లి నేల కింద పెట్రోలు తీసే నూనె ఉందని కనిపెట్టి, ఆ సంగతి దాచేసి, కంపెనీ పంపిన కారెక్కి వెళ్ళిపోయిందని మా వీధిలో అంటారు. మొదట అన్నది కిరాణా కొట్టు నరసింగరావు గారు. నేను కందిపప్పుకి వెళ్తే కొట్టంతా వినేలా అడిగారు.

"ఏటే యమునా, మీ నూనె మేడం ఎల్లిపోనాదట? ఏ పొలం కింద ఉన్నాదో నీకైనా సెప్పిందా?"

"ఇక్కడ నేదంట బాబూ."

"మాంగనీసు ఉన్న నేల, నూనె ఉండదేటి? ఆయమ్మ నీ నోరు కుట్టేసినాదే!"

అందరూ నవ్వారు. నేను పప్పు తీసుకుని వచ్చేశాను.

ఆవిడ మా మేడమీద గదిలో అద్దెకుండేది. ఊరు శ్రీముఖలింగం దగ్గర. నలభై దాటాయి, పెళ్ళి చేసుకోలేదు. ఒక నూనె కంపెనీకి గదిలోంచే కంప్యూటర్ మీద భూమి లోపలి పటాలు గీసేది. మధ్యాహ్నం అన్నం పట్టుకెళ్ళే నేను తప్ప ఆ మెట్లెక్కినవాళ్ళు లేరు. ఎండ పడితే తెర కనిపించదని కిటికీ రెక్కలు మూసేసేది. వీధిలో సగం మాటలు దానికే పుట్టాయి.

ఆవిడ గీస్తున్నది గోదావరి వైపు ఒక చోటు. అక్కడ లోపలి రాతిపొర బోర్లించిన మూకుడులా ఉంటుందట. నూనె నీటి మీద తేలుతుంది కాబట్టి మూకుడు నడినెత్తిన చేరాలి. అక్కడ ఇదివరకే తవ్వితే నీళ్ళే పడ్డాయి. అందరూ వదిలేశారు. ఆవిడ వదల్లేదు. రాతిలో నీరు నిలవుండకుండా పారుతుంటే అది నూనెను పక్కకు తోస్తుందని, ఏ పక్కకో, నూనె కోసం తవ్వి వదిలేసిన పాత బావుల్లో నీటి ఒత్తిడి చూసి గీయవచ్చని చెప్పింది.

"తూరుపార పట్టినట్టా అక్కా? గాలుంటే పొట్టు పక్కకి పడతాది కదా."

"అదే అనుకో. గాలి బదులు నీరు" అని నవ్వింది.

ఆ పటం చూసి కంపెనీ మూకుడు పక్కవాలున తవ్వడానికి ఒప్పుకుంది. నూనె పడితే ఆవిడకి విశాఖ ఆఫీసులో ఉద్యోగం ఇస్తామన్నారు. "మనుషుల మధ్య కూకుని టీ తాగాలని ఉన్నాది యమునా" అనేది.

యంత్రాలు బయల్దేరే వారంలో ఒక మధ్యాహ్నం వెళ్ళేసరికి ముందురోజు క్యారేజీ మూత కూడా తీయలేదు.

"తిననేదేటక్కా?"

"ఒక బావి తప్పు." తెర మీద వేలు పెట్టింది. మిగతా బావుల లోతు సముద్రమట్టం నుంచి లెక్క. ఆ ఒక్కదాన్నీ తవ్వే యంత్రం అరుగు మీద నుంచి కొలిచారు. అరుగు ఎత్తు తీసేస్తే ఒత్తిడి లెక్క అన్ని బావుల్లోనూ సమానమే, నీరు ఎటూ పారడం లేదు. పారకపోతే నూనె పక్కకు జరగదు.

"ఇంకెవులికైనా తెలుసా?"

"నాకే."

"సెప్పకపోతే?"

"తవ్వుతారు, నీళ్ళు పడతాయి. బావులు సగం అలాగే పోతాయి. నన్నెవరూ ఏటీ అనరు. ఇంకో పటం ఇస్తారు."

గిన్నెలు తీసుకుని లేవబోయాను.

"కాసేపు కూకో. మాట్లాడొద్దు. ఊరికే కూకో" అని ఫోన్ తీసింది.

అవతల ఆవిడ పై అధికారి నారాయణమూర్తి గారు. గొంతు నాకూ వినిపించింది.

"సార్, యంత్రాలు ఆపండి. నా పటం తప్పు."

"ఇప్పుడా అమ్మా చెప్పడం?"

"ఇవాళే చూశాను సార్."

"సరే, ఆపుతాను. మీ సంగతి తరవాత" అన్నారాయన.

ఫోన్ పెట్టేశాక ఆవిడ కిటికీ తెరిచి, ఎదురుగా ఉన్న మేడల వైపు చూస్తూ నిలబడింది. నేను అన్నం వడ్డించాను. రెండు ముద్దలు తిని చేయి కడుక్కుంది.

తరవాత ఎవరూ ఫోన్ చేయలేదు. వారం చూసి ఆవిడ పొద్దుటి పాసింజరుకి ఊరెళ్ళిపోయింది. కంప్యూటర్ పెట్టె స్టేషన్ దాకా నేనే మోశాను. ఆ నెలాఖరుతో కంపెనీ ఆవిడకి పని ఇవ్వడం మానేసింది.